పాట వేగంపై సీనియర్ల తీర్పు

పాట బాగుందో లేదో తేల్చేది చెవులు కావని సియోల్‌లోని ‘ఉద్యమ గీతాల సమీక్షా మండలి’ ఏనాడో తీర్మానించింది. తేల్చేది కాలేజీలో చేరిన సంవత్సరం. మిలిటరీ పాలన నాటి నిరసన పాటలైతే మరీనూ. ఆ పాలన దిగివచ్చిన ఎనభై ఏడుకు ముందు కాలేజీలో చేరి, కనీసం రెండుసార్లు బాష్పవాయువు పీల్చిన సీనియర్ సంతకం లేనిదే సమీక్ష అచ్చు కాకూడదు. (ఒక్కసారే పీల్చినవారు ప్రేమ పాటలతో సరిపెట్టుకోవచ్చు.)

అందుకే ‘ఇనుప గేటు’ అనే రాక్ బ్యాండు ఆ పాటలను గిటార్లతో దడదడలాడించి ఆల్బమ్ తెచ్చేసరికి, ఒక పత్రికలో సమీక్షలు రాసే ప్యో దన్బీకి చావొచ్చిపడింది. ఆవిడ పుట్టిందే తొంభై అయిదులో! ఆల్బమ్ మాత్రం పిచ్చిపిచ్చిగా నచ్చేసింది. అందులో మూడో పాట, బట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు సమ్మెలో తామే కట్టుకున్నది. కట్టినవాళ్ళలో దన్బీ పెద్దమ్మ క్వాక్ మల్సున్ ఒకతె. ఆ సంగతి ఎక్కడా ఎవరూ రాయలేదు. పెద్దమ్మ పేరు ఒక్కసారి అచ్చులో చూడాలని దన్బీ ప్రాణం కొట్టుకుపోతోంది.

సంతకం కోసం పెద్దమ్మను వెంటబెట్టుకుని మండలి అధ్యక్షుడు తక్ సాంగ్‌హన్ (ఎనభై రెండు బ్యాచ్) దగ్గరికి వెళ్ళింది. ఆయన తీర్పు అప్పటికే మూడు పేజీలు రాసి ఉంచారు.

"ఆల్బమ్ విన్నారా సార్?"

"వినడమెందుకమ్మాయ్? ఆ రోజులు బతికినవాళ్ళం. అయినా ఆ మూడో పాటకు ఏమిటా పరుగు? మేం కళ్ళనీళ్ళు పెట్టుకుని మెల్లగా పాడిన పాట అది. ఇప్పటికీ ఏటా స్మారక సభలో అలాగే పాడతాం."

పెద్దమ్మ ఆయన ముందు కమలాపండ్ల సంచీ పెట్టి నవ్వింది. "మెల్లగానా? ఎవరండీ మీకు చెప్పింది? పోలీసులు తలుపు విరగ్గొట్టేలోగా నాలుగు చరణాలూ అయిపోవాలి. రొప్పు వచ్చేసేది. ఈ పిల్లలు ఇంకా నింపాదిగానే పాడారు."

అధ్యక్షుడు గొంతు సవరించుకుని ఒక ఫారం తీశారు.

"ఏ యూనివర్సిటీ మేడమ్? ఏ బ్యాచ్?"

"ఆరో తరగతి. ఆపైన కుట్టుమిషనే."

"బాష్పవాయువు ఎన్నిసార్లు?"

"అది రోడ్డు మీద మీకండీ. మాకు లోపలికొచ్చి కర్రలతోనే."

"కర్రలకు ఇందులో గడి లేదే," అన్నారాయన నిజంగానే బాధపడుతూ.

దన్బీకి ఒళ్ళు మండిపోయింది. "గడి లేకపోతే దెబ్బలు తగల్లేదా సార్?"

"ఆవేశపడకు. మీ పెద్దమ్మ పేరు వేయిస్తాను, సరేనా?" అని సంతకం పెట్టారు. ఆయన మాట తప్పే మనిషి కాదు.

శుక్రవారం సమీక్ష వచ్చింది, మండలి సవరణలతో. అయిదుకు రెండు స్టార్లు. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో మాటా వెతుక్కుంటూ ఆఖరి వాక్యం పైకే చదివింది: "నాడు విద్యార్థుల నోట ఈ పాట విని ఉత్తేజం పొందిన శ్రీమతి క్వాక్ మల్సున్ కూడా, దీన్ని మెల్లగా పాడితేనే బాగుంటుందని మండలితో ఏకీభవించారు."

పేరులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.