జపాన్, ఫిన్లాండ్, జహీరాబాద్

వృద్ధ మహిళల కీళ్లవాతంలో జపాన్, ఫిన్లాండ్, జహీరాబాద్‌లను పోల్చి చూడాలని పార్టీ నియోజకవర్గ ఇన్‌చార్జ్ మదన్‌మోహన్ చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. రెండు దేశాల పక్కన ఒక ఊరేమిటని విలేకరులు అడిగితే, మనల్ని మనమే తక్కువ చేసుకోవద్దని మందలించారు. అంత దూరదృష్టి గల మనిషి.

సర్వే అయ్యాక నొప్పి గోలీలు పంచుతామని ఆటోలో మైకు పెట్టి చెప్పించారు. న్యాల్‌కల్ తారాబాయి అందుకే వచ్చింది. కీళ్లవాతంతో ఆమె వేళ్లు వంకర్లు పోయాయి. పొద్దున లేస్తే చెంబు పట్టలేదు, జుట్టు ముడేసుకోలేదు. దవాఖానకు పోయినప్పుడల్లా గోలీలు రేపొస్తాయంటున్నారు. ఆ రేపు కోసం చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది.

ఫంక్షన్ హాల్లో తెర మీద జపాన్, ఫిన్లాండ్ లెక్కలు వెలిగాయి. జహీరాబాద్ గడి ఖాళీగా ఉంది. మదన్‌మోహన్ మైకు అందుకున్నారు.

"అమ్మలారా, కీళ్లనొప్పులు ఉన్నోళ్లు చేతులు పైకెత్తుండ్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"నొప్పుందని చెప్పనీకే చెయ్యి లేస్తలేదు," అని గొణిగింది పక్కనున్న అనంతమ్మ.

తారాబాయి పళ్లు బిగబట్టి చేతిని ఛాతీ దాకా తెచ్చింది. "సారూ, ఇగో నాది."

"తల దాటితేనే లెక్క అవ్వా. మా మీటింగులల్ల గదే రూల్," అన్నారాయన ఎంతో మర్యాదగా.

గడిలో సున్నా పడింది. జహీరాబాద్ ప్రపంచంలోనే ప్రథమం. బయట పటాకులు పేలాయి. ముసలివాళ్లెవరూ చప్పట్లు కొట్టకపోతే, అది వాళ్ల నిరాడంబరత అని మదన్‌మోహన్ మెచ్చుకున్నారు.

"మరి గోలీలు, సారూ?" అంది తారాబాయి.

"రోగమే లేని ఊరికి గోలీలెందుకు అవ్వా? పాపం, జపాన్ ఓడిపోయింది. మన గోలీలు ఆళ్లకు పంపుదం. నీ చేతుల మీదనే."

తారాబాయికి దుఃఖం పొంగుకొచ్చింది. "నాకు ఒక్క షీటన్న ఇయ్యి బిడ్డా. రొట్టె తుంచనీకి వస్తలేదు."

ఫొటో అయ్యాక చూద్దామన్నారు. జపాన్ జెండా అంటించిన పెద్ద అట్టపెట్టెను బల్ల మీద పెట్టి, ఆమెను ఎత్తమన్నారు. తన వల్ల కాదని తెలిసీ, ఆ ఒక్క షీటు మీద ఆశతో, తారాబాయి ఉన్న సత్తువంతా కూడగట్టుకుని లేపింది. పెట్టె ఇట్టే లేచి ఛాతీ దాకా వచ్చింది. తన చేతులు బాగయ్యాయనుకుని ఆమె ఒక్క క్షణం సంబరపడింది.

కెమెరాల వైపు నవ్వుతూనే మదన్‌మోహన్ ఆమె చెవి దగ్గరికి వంగారు.

"జర బరువున్నట్టు పట్టుకో అవ్వా."