రాజుగారు చదివిన స్క్రిప్టు

ఒక పెద్ద అడవిలో ఏటా సినిమా పండుగ జరిగేది. ఆ అడవిలో సినిమా తీయడం ఎవరికీ రాదు గనక, బహుమతి వచ్చిన స్క్రిప్టును వేదిక మీద కూర్చుని పైకి చదివేవారు. జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయేవారు.

పండుగ అధ్యక్షులు నక్కగారు. బహుమతి నిర్ణయించేదీ వారే. ఎన్ని స్క్రిప్టులొచ్చినా అట్ట మీది పేర్లు మాత్రం చదివేవారు. లోపల ఏముందో చదివితే పక్షపాతం పుట్టుకొస్తుందని వారి సిద్ధాంతం.

ఆ ఏడు ‘రాజుగారి దాహం’ అన్న పేరు చూడగానే నక్కగారి కళ్ళు మెరిశాయి. సింహరాజుగారి మీద భక్తిచిత్రం అనుకుని మొదటి బహుమతి ఇచ్చేశారు.

రాసింది పైడమ్మ అనే అలుగు, ఒంటినిండా పొలుసులుండే జంతువు. కిందటేడు ఎండాకాలంలో రాజుగారు నిండు సభలో “ఈ వాగు నాది” అన్నారు. సభలో రాజు నోట వచ్చిన మాట ఆ అడవిలో శాసనం. గుమాస్తా తాబేలు అది రాసుకుని ముద్ర వేసేసింది. అప్పట్నుంచి పైడమ్మ పిల్లలు నీళ్ళ కోసం రెండు గుట్టలు దాటుతున్నారు. పైడమ్మ అర్జీలు పెట్టింది. ఎవరూ చదవలేదు. కడుపు మండి స్క్రిప్టు రాసింది. అదీ ఎవరూ చదవలేదు, కాకపోతే బహుమతి వచ్చింది.

నక్కగారు కొలువుకు పరుగెత్తారు. “ప్రభూ, రాజు వేషం తమరే చదవాలి.”

రాజుగారికి చిన్నప్పట్నుంచీ నటన పిచ్చి. “ముందోసారి చూసుకోనా?” అన్నారు.

“తమకు రిహార్సలేమిటి ప్రభూ, నామోషీ.”

పండుగ రోజు సభకు అడవంతా కూడింది. రాజుగారి పక్క కుర్చీలో పైడమ్మ కూర్చుంది. కథలో అలుగు మాటలు ఆమే చదవాలి. మాటల మధ్య రాసి ఉన్నదంతా చదివే పని చిలకది.

“సీను ఒకటి. వాగు. పగలు,” అంది చిలక. “బిందెతో అలుగు నిలబడి ఉంది. రాజు నీళ్ళలో పొట్ట తేలేసుకుని పడుకున్నాడు.”

జనం నవ్వారు. అది తన దర్జాకే అనుకుని రాజుగారు మీసం సవరించుకున్నారు.

నాలుగో సీనుకు నక్కగారికి చెమటలు పట్టాయి. మెల్లగా కుర్చీ ముందుకు చేరి, “ప్రభూ, కథ తేడాగా ఉంది, ఆపేద్దాం,” అన్నారు.

“సీను మధ్యలో ఆపితే నన్ను నటుడంటారా? పక్కకు జరుగు, జనానికి కనబడను.”

చివరి సీను వచ్చింది. పైడమ్మ తన మాట చదివింది. “మా పిల్లలు నీళ్ళు తాగొద్దా ప్రభూ?” అది చదివినట్టు లేదు, అడిగినట్టే ఉంది.

“రాజు తల దించుకుంటాడు. గొంతు వణుకుతుంది,” అంది చిలక.

రాజుగారు తల దించారు. గొంతు బాగా వణికించారు. “తప్పు చేశాను పైడమ్మా. ఆ వాగు నాది కాదు. ఇవాళ్టినుంచి అది మీ అందరిదీ.”

అడవంతా లేచి నిలబడింది. మళ్ళీ మళ్ళీ అని కేకలు. రాజుగారు మురిసిపోయి అదే మాట ఇంకోసారి చదివారు. చప్పట్లు తగ్గేసరికి టప్పుమని ముద్ర పడిన చప్పుడు వినబడింది.

“అదేం పని? అది డైలాగయ్యా,” అన్నారు రాజుగారు.

తాబేలు నింపాదిగా కాగితం మడిచింది. “సభలో తమరన్నది రాయడమే నా ఉద్యోగం ప్రభూ. కిందటేడు వాగు నాది అన్నారు, రాశాను. ఇవాళ కాదన్నారు, రాశాను. రెంటిలో ఏది డైలాగో తమరే సెలవిస్తే కొట్టేస్తాను.”

రాజుగారు జనం వైపు చూశారు. ఇంకా నిలబడే ఉన్నారు. జీవితంలో మొదటిసారి భయపడకుండా కొట్టిన చప్పట్లు. వదులుకోబుద్ధి కాలేదు.

“ఉండనీ,” అన్నారు.

పైడమ్మకు ఏడుపొచ్చింది. బహుమతిగా ఇచ్చిన ఇత్తడి చెంబు తీసుకుని, ఉపన్యాసాలకు ఆగకుండా వాగు వైపు నడిచింది.

మరుసటేడు పోటీ ప్రకటనలో నక్కగారు కొత్త నిబంధన చేర్చారు. స్క్రిప్టు పేరు మాత్రం పంపాలి, లోపలి కాగితాలు అక్కర్లేదు.

నీతి: చదవకుండా బహుమతి ఇస్తే నష్టమేమీ లేదు, ఇచ్చాక పైకి చదివిస్తేనే ప్రమాదం.