స్పీకర్లో చెప్పిన కథ

ఆ పొద్దున రచయిత పథకం చాలా చిన్నది. నిర్మాత ఆఫీసుకు వెళ్లాలి, ఒక నవల నుంచి తను అల్లిన సినిమా కథ వినిపించాలి, ఆ నవలాకారుడి చేత సరే అనిపించుకోవాలి. వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా అసిస్టెంటుగా అరిగిపోయాక దొరికిన మొదటి సినిమా ఇది. ఆ పెద్దాయన తలూపకపోతే మళ్లీ మొదటికే.

నవల చూస్తే తలా తోకా లేనిది. అందులో ఒకడి ఇల్లు వాణ్ని గుర్తుపట్టడం మానేస్తుంది, మెట్లు షికారుకెళతాయి, చుట్టాలు గోడల్లోంచి వచ్చిపోతుంటారు. రచయిత ఏడాదంతా కూర్చుని దానికి తలా తోకా అతికించాడు. అదంతా కల అన్నాడు. కలకు అర్థం చెప్పడానికి ఒక డాక్టరును కూడా పెట్టాడు.

"పంపు కారుతోంది, కాస్త చూసి వెళ్లండి" అంది భార్య. రచయిత దాన్ని బలంకొద్దీ ఒక తిప్పు తిప్పి, పనైపోయిందనుకుని బయల్దేరాడు.

నిర్మాతకు అనుమానం జాస్తి. కథ బయటికి పొక్కుతుందని, వినేటప్పుడు అందరి ఫోన్లూ బల్లమీద పెట్టించేవాడు. ఎవరికి ఫోనొచ్చినా స్పీకర్లోనే మాట్లాడాలి.

కథలోకి డాక్టరు వచ్చేసరికి నవలాకారుడు కళ్లు మూసుకున్నాడు. అది కునుకో కోపమో తెలియక రచయిత గొంతు పెంచాడు. సరిగ్గా అప్పుడే రచయిత ఫోను మోగింది. నిర్మాత స్పీకరు నొక్కాడు.

"ఏమండీ, హాలంతా నీళ్లు! మా అమ్మ డైనింగ్ టేబులెక్కి కూర్చుంది, దిగనంటోంది!"

నవలాకారుడు కళ్లు తెరిచాడు. "ఎవరీ అమ్మాయి?"

"ఇతని అసిస్టెంటై ఉంటుంది సార్. సీను భలే చెబుతోంది" అన్నాడు నిర్మాత, తన తెలివికి తానే మురిసిపోతూ. "ఊఁ, తర్వాతేమైందమ్మా?"

"ఏమవుతుంది! కిందింటాయన గొడుగేసుకుని వచ్చాడు. వాళ్ల హాల్లో వానట. లోపలికొచ్చాక మడవండీ అంటే, మీ ఇంటిని నమ్మనంటున్నాడు. మన చెప్పులన్నీ వరసగా మెట్లు దిగి వెళ్లిపోతున్నాయి!"

"అద్భుతం!" అన్నాడు నవలాకారుడు.

రచయిత ఫోను వైపు చెయ్యి చాచి ఆగిపోయాడు. నిజం చెబితే సినిమా పోతుంది, చెప్పకపోతే ఇల్లు పోతుంది.

"మెయిన్ వాల్వు ఎక్కడుందో చెప్పి చావండి!" అని అరిచింది స్పీకరు.

"చెప్పకు!" అన్నాడు నవలాకారుడు. "చెబితే కథ ఆగిపోతుంది."

రచయితకు ఏడుపొచ్చింది. "సింకు కిందుంది, కుడివైపుకు తిప్పు!" అని కేకేసి, చేతులు జోడించాడు. "అసిస్టెంటు కాదండీ, నా భార్య. అది కథ కాదు, నా కొంప."

రచయిత కాగితాలు సర్దుకోసాగాడు.

"నా నవలకు అర్థాలు అతికించకుండా, అది జరుగుతున్నట్టే చెప్పిన మనిషి ఈవిడొక్కతే" అన్నాడు నవలాకారుడు చివరికి. "సినిమా తీసుకోండి. కానీ ఆవిడే రాయాలి."

"నేనా?" అంది స్పీకరు. "బాగానే ఉంది సంబడం! నేను రాస్తూ కూర్చుంటే ఇంటి పనంతా ఎవరు చేస్తారు?"

నిర్మాత, నవలాకారుడు కలిసి రచయిత వైపు చూశారు.

ఏడాది మొత్తంలో రచయితకు వెంటనే అర్థమైన సన్నివేశం అదొక్కటే.