పాస్‌వర్డ్ ఏటి?

మా ఇంటి వైఫై మా ఇంట్లో తప్ప వీధంతా వస్తుంది.

నేను విలేకరిని. అరసవల్లిలో ఉంటాను. సాయంత్రం వార్త, వీడియో పంపే వేళకు మేడ మీద బావమరిది గోపి క్రికెట్ చూస్తాడు. గోడ అవతల గున్నమ్మ గారు సీరియల్ చూస్తారు. నా వీడియో గింగిరాలు తిరుగుతుంది. మీరే చెప్పండి, ఇది న్యాయమా?

"పాస్‌వర్డ్ ఆలకెవులిచ్చినారే?" అని నా భార్య హేమను అడిగాను.

"నానే. మజ్జిగ అడిగితే లేదంతామేటి?"

"మజ్జిగా వైఫై ఒకటేనేటి?"

"రెండూ పలచన సేస్తే పదిమందికి సరిపోతాయి బావా."

ఆదివారం తలుపేసుకుని రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లాను. ఇక ఏ ఫోన్ చేరాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి, లేదా నేను అనుమతివ్వాలి. సరైన పాస్‌వర్డ్ లేకుండా ఎవరు ప్రయత్నించినా హెచ్చరిక మెసేజ్ వస్తుంది. దానికి ఒకటి నొక్కి పంపితే అనుమతి, రెండు నొక్కితే గెంటివేత. హెచ్చరిక ఏ నంబరుకని అడిగింది. కనెక్షన్ తీసుకున్ననాటి నంబరు చుక్కల వెనక ముందే ఉంది. సరే అన్నాను.

పాస్‌వర్డ్‌కు ఇంగ్లిష్‌లో ఎనిమిది అక్షరాలు కావాలంది. మన 'ఏటి'ని రెండుసార్లు కొట్టాను. సరిపోయింది.

"పాస్‌వర్డ్ ఏటి?" అని హేమ అడిగింది.

"ఏటి ఏటి."

"పాస్‌వర్డు బావా."

"అదే. ఏటి ఏటి."

"నానడిగిందే నాకు తిప్పి సెప్తావేటి? సెవుడా, పొగరా?"

నేను అబద్ధం చెప్పలేదు. ఈ మాట అందరూ గుర్తుంచుకోవాలి.

మరునాడంతా నా ఫోన్‌కు ఒక్క హెచ్చరికా రాలేదు. దొంగలు జడిశారని ఆఫీసులో చెప్పుకున్నాను. సాయంత్రం పాతపట్నం దగ్గర కూలిన కల్వర్టు వీడియోతో ఇల్లు చేరాను. ఏడులోపు పంపకపోతే ఆ జాగా విజయనగరం విలేకరి గిరిబాబుకు పోతుంది.

వీడియో గింగిరాలు తిరిగింది. మేడ మీద సిక్సరు కేక. గోడ అవతల సీరియల్ అత్తగారి ఏడుపు.

ఒళ్లు మండింది. ఆదివారం నుంచి ఫోన్‌లో తెరిచే ఉన్న సెట్టింగుల్లోకి వెళ్లి, జాబితాలో కనిపించిన ప్రతిదాన్నీ గెంటేశాను. చివరిది నా ఫోనేనని అది పోయాక తెలిసింది. ఇంట్లో వైఫై ఉందన్న ధీమాతో దానికి డేటా ప్యాక్ వేయించడం ఎప్పుడో మానేశాను.

ఫోన్ పాస్‌వర్డ్ అడిగింది. ఏటిఏటి కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది.

వంటింట్లో హేమ ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది.

"బావా, ఎవుడో దొంగ నన్నడక్కుండా మన నెట్లోకి దూరతన్నాడు. రెండు నొక్కీసినాను."

"ఒసే, అది నానేనే! ఆ మెసేజులు నీకెందుకొస్తన్నాయి?"

"కనెక్సన్ పెట్టించిందెవులు? నువ్వు మీటింగని ఎలిపోతే నా నంబరే ఇచ్చినాను. నిన్నటి నుంచి వొస్తన్నాయి. అడిగినోళ్లందరికీ ఒకటి నొక్కినాను."

"మరి పాస్‌వర్డ్?"

"నువ్వు అబద్దమాడవు కదా. రెండుసార్లు ఏటి అన్నావు, రెండుసార్లు కొట్టినాను. తెరుసుకున్నాది. మార్సీసినాను."

"కొత్తది ఏటి?"

"ఏటీ లేదు."

"లేకపోతే అదెందుకడుగుతాది? కొత్త పాస్‌వర్డ్ ఏటే?"

"ఏటీ లేదంతన్నాను కదా."

ఆఫీసు డెస్క్ నుంచి ఫోన్ మోగింది. ఎత్తలేదు. భర్త హక్కుల గురించి, పత్రికా స్వేచ్ఛ గురించి అరిచాను. హేమ పులుసు కలుపుతూ విన్నది.

గోడ మీద గున్నమ్మ గారి తల లేచింది.

"బాబూ, ఆ అరుపులకి సీరియల్ ఇనపడ్నేదు. పాస్‌వర్డే 'ఏటీ లేదు'. మాది ఆగిపోతే నాను అదే కొట్టి మల్లీ ఎక్కీసినాను."

నా ఇంటి పాస్‌వర్డ్ గోడ అవతల నుంచి తెలుసుకుని కొట్టాను. గోపి ఇంకా గెంటివేతలోనే ఉన్నాడు కాబట్టి వీడియో ఏడులోపు వెళ్లింది.

డెస్క్ మళ్లీ ఫోన్ చేసింది. "ఇంతసేపేమిటండీ? ఏమైంది?"

"ఏటీ లేదు," అన్నాను.

వంటింట్లోంచి గరిటె బయటికొచ్చింది, దాని వెనకే హేమ.

"బావా! పాస్‌వర్డ్ బయటోళ్లకి సెప్పీకు!"