రొయ్యల చెరువుకు ఫిర్యాదుల పెట్టె

సముద్రాల అవతల టూంగాబీ అనే ఊళ్లో కాపురం ఉంటున్న అమృతం గారికి కొడుకు డేనీ మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. వాడికి మంచి చేసే దురలవాటు ఉంది. తాగుడో పేకాటో అయితే ఆదివారం చర్చిలో ప్రార్థనకు పెట్టవచ్చు. మంచి చేసేవాడి గురించి ఏమని ప్రార్థించాలో పాస్టరు గారికి కూడా తోచలేదు.

డేనీ యూనివర్సిటీలో సుస్థిర వ్యవసాయం చదువుతున్నాడు. అంటే, వ్యవసాయం చేసేవాళ్లు దాన్ని ఎలా చేయకూడదో చదువుతున్నాడు. వాళ్ల నాన్న నాథన్ గారు హారిస్ పార్కు పేటలోని మనవాళ్ల దుకాణం నుంచి రొయ్యలు తెస్తే, పాకెట్టు మీద పచ్చ కెరటం ముద్ర లేదని ఫ్రీజరు ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. ముద్ర ఉన్న రొయ్య నేలకూ నీటికీ పనివాళ్లకూ ఏ కీడూ చేయకుండా పెరిగి, తృప్తిగా కన్నుమూసిందని యూరప్‌లో ఒక ఆఫీసు పూచీ పడుతుంది. నాథన్ గారు అంతా శ్రద్ధగా విని, ఇగురు వడ్డించమన్నారు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు డేనీ సొంత మేనమామనే ఎంచుకున్నాడు. భీమవరం అవతల జకరయ్య గారికి రెండు రొయ్యల చెరువులున్నాయి. ఆయనా, భార్య ప్రిస్సిల్లా గారూ, అంతే సిబ్బంది. వాళ్ల సరుకు కొనే ఎగుమతిదారు, వచ్చే పంట నుంచి ముద్ర లేనిది ముట్టుకోనని చెప్పేశాడు. ముద్ర రాకపోతే చెరువులను పక్కనున్న పెద్ద కంపెనీకి లీజుకిచ్చి చేతులు దులుపుకోవడమే.

"మామయ్యా, నువ్వు వర్రీ అవకు. డాక్యుమెంట్స్ అన్నీ నేను చూసుకుంటా," అన్నాడు డేనీ వీడియో కాల్‌లో.

"నువ్వుండగా నాకేం బెంగరా!" అన్నారు జకరయ్య గారు.

సంస్కరణలు మొదలయ్యాయి. గట్ల మీద జంతువులు తిరగరాదు గనుక దొంగల్ని చూసి మొరిగే కుక్కను బంధువులింటికి పంపేశారు. దొంగల గురించి నిబంధనల్లో ఏమీ లేదు గనుక వాళ్లు నిరభ్యంతరంగా వచ్చి వెళ్లారు. పనివాళ్లకు విశ్రాంతి గది తప్పనిసరి గనుక షెడ్డులోని మోటారును బయట ఎండలో పెట్టి, ఖాళీ గదికి విశ్రాంతినిచ్చారు. చేతులు కడుక్కోమనే బోర్డు ఇంగ్లిషులో రాయించారు. భార్యాభర్తలు ఒకరికొకరు భద్రతా శిక్షణ ఇచ్చుకుని ఫోటో దిగారు.

ఆఖరున ఫిర్యాదుల పెట్టె వచ్చింది. యజమాని మీద పనివాళ్లు గుట్టుగా ఫిర్యాదు వేసుకోవడానికి. తాళంచెవి యజమాని దగ్గర ఉండకూడదు గనుక ప్రిస్సిల్లా గారు కొంగున ముడేసుకున్నారు. ఎన్నాళ్లు గడిచినా పెట్టె ఖాళీగానే ఉంది.

"అలా ఉంటే డౌట్ వస్తుంది అత్తయ్యా. పక్క కంపెనీ వాళ్లు చూడు, మేనేజర్లే కూర్చుని నీట్‌గా కంప్లయింట్స్ రాయిస్తారు. నువ్వూ ఏదో ఒకటి రాయి. కానీ ట్రూగా ఉండాలి."

"నిజమే రాయమంటావా?" అన్నారు ప్రిస్సిల్లా గారు. "అయితే ఆ పెట్టె చాలదేమో నాన్నా."

అయినా ఆవిడ సర్దుకుని ముక్తసరిగానే రాశారు. పెళ్లయిన నాటి నుంచి ఈ గట్ల మీద మేత వేస్తున్నాననీ, కాపలా కాస్తున్నాననీ, జీతమన్న మాటే ఎరగననీ, పుట్టింటికి వెళ్తానంటే పంట పట్టాక చూద్దామంటారనీ.

డేనీ దాన్ని నిగనిగలాడే ఇంగ్లిషులోకి మార్చి పంపాడు. దరఖాస్తులో 'పనివారు' అన్న గడి ఉంది గానీ 'భార్య' అన్న గడి లేదు. యూరప్‌లోని ఆఫీసు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. యజమాని ఇంట్లోనే నివాసం, ఏళ్ల తరబడి వేతనం సున్నా, బయటికి వెళ్లే స్వేచ్ఛ లేదు. 'ఇది వెట్టిచాకిరీ అని నిర్ధారించడమైనది. ముద్ర నిరాకరించడమైనది. బాధితురాలిని సదరు యజమాని ఇంటి నుంచి తక్షణం విడిపించవలెను.'

డేనీ ప్రాజెక్టుకు హై డిస్టింక్షన్ వచ్చింది.

రొయ్యలు ఊరి సంతకు వెళ్లాయి. చెరువులు పక్క కంపెనీకి వెళ్లాయి. అవే నీళ్లు, అదే మేత, అవే దొంగలు. మరుసటి పంటకు ముద్ర పడింది. ఆ రొయ్యలు సముద్రాలు దాటి డేనీ చదివే యూనివర్సిటీ క్యాంటీన్‌లో సగౌరవంగా వేగాయి. అది తెలిసిన రోజున డేనీ అన్నం మానేసి మేనమామకు వీడియో కాల్ చేశాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు.

"సారీ మామయ్యా. నేనే రాంగ్. నీ చెరువులు నా వల్లే పోయాయి." అలవాటు లేని మాట గనుక సగం ఇంగ్లిషులో వచ్చింది.

జకరయ్య గారు తల అడ్డంగా ఊపారు. "చెరువులు పోతే పోయాయిలే. మీ అత్త రాసినదాన్ని నువ్వు ఇంగ్లిషులో పెట్టావు, అంతేగా. అందులో అబద్ధమేముందిరా?"

సోఫాలో కూర్చుని టీ కోసం ఎదురు చూస్తున్న నాథన్ గారు చప్పున ముందుకు వంగారు. "బావా, లైను సరిగ్గా లేదు. రేపు మాట్లాడుకుందాం."

అమృతం గారు ఫోను సౌండు పెంచారు.

"లైను బాగానే ఉంది బావా," అన్నారు జకరయ్య గారు. ఆ తర్వాత పక్కకు తిరిగారు. "ప్రిస్సిల్లా, ఇన్నేళ్లూ నీచేత ఊరికే చేయించుకున్నాను. తప్పు నాదే."