నింగికెగసిన వరదపై దండయాత్ర

కంప్యూటర్ల సంఘోషచే నిరంతర గర్జితమై, ఏసీ ప్రభంజనమున గడగడ వణుకుచుండు ఒకానొక పరిశోధనాలయపు మూడవ అంతస్తున, మధ్యాహ్న భోజనమునకు ముందటి ఘోర ముహూర్తమున జరిగిన మహాసంగ్రామమును వినుడు. రక్తము చిందలేదు, కాఫీ చిందినది.

నాయిక గణనశాస్త్ర ధురంధర, కీబోర్డు కోదండపాణి, జుట్టుముడిలో పెన్ను దోపుకొని గదియెల్ల దానికై వెదకు ఒక పరిశోధకురాలు. గణనశాస్త్రమనగానేమి? కాగితముపై తెమలని సమీకరణమును, తొట్టిలో పట్టని ప్రళయమును యంత్రములోనికి ఈడ్చి, అచట లెక్కలతోనే జరిపించి చూచు విద్య. ఊరి ఎగువనున్న ఆనకట్టను నిజముగా పగులగొట్టి చూతమన్నచో ఊరివారు ఒప్పుకొనరు గదా! యంత్రమున వేయిసార్లు పగులగొట్టినను అడుగువాడు లేడు.

ఆనాడు ఆమె పగులగొట్టెను. నీరు కట్టలు తెంచుకొని, మహోద్ధతమై, తిన్నగా ఆకాశమునకు పోయెను.

అది చూచి, పైకి వచ్చియున్న నేలమాళిగ ప్రయోగశాలాధిపతి, గాజుతొట్టెల గజసింహుడు, నిజమైన నీటితో ప్రయోగములు చేయుచు ఏళ్ల తరబడి చేతులు తడుపుకొనుచున్న వృద్ధవీరుడు పకపక నవ్వెను. ఆయనను అందరు తొట్టి మాస్టారందురు.

"ఏమ్మా, వరద మేఘాల్లోకి పోతోందే! ఇంకేం, ఊరికి ఢోకా లేదు. కూర్చుని చేసే పరిశోధన ఇలాగే ఏడుస్తుంది."

"కాస్త ఆగండి మాస్టారూ, ఎక్కడో తప్పు దొర్లింది."

"భోజనాల దాకా ఆగుతా. అప్పటికి నీళ్లు కిందికి దిగకపోతే పెద్ద కంప్యూటర్ మీద నీ వంతు పక్క జట్టుకి ఇచ్చేస్తారు. డైరెక్టరుగారు నా ముందే అన్నారు."

వంతు పోయినచో, ఏ వీధి ఎప్పుడు మునుగునో ఊరికి తెలుపు వరద పటము ఈ యేటికి లేనట్టే. వానలు మాత్రము ఆగవు. ఆనకట్ట దిగువ వీధిలో ఆమె అక్క, పాకుచున్న పసిబిడ్డతో కాపురముండెను. ఆ తలంపునకు ఆమె గుండె దడదడలాడెను. ఇందు అతిశయోక్తి లేదు.

అంతట ఆ వీరనారి పళ్లు బిగించి, తన ప్రోగ్రాములోని వేలకొలది ఆజ్ఞల కీకారణ్యమున చొచ్చి, అనుమానించిన ప్రతి వరుసను చీల్చి, నిర్దోషియని తేలినను క్షమాపణ చెప్పక ముందుకు సాగి, కడకు ద్రోహిని పట్టెను. ఊరి నేల ఎత్తుపల్లములను కొలిచి యిచ్చిన సహోద్యోగి పైనుండి కిందికి లెక్కపెట్టగా, ఈమె కిందినుండి పైకి లెక్కపెట్టినది. ఇద్దరి నడుమ గురుత్వాకర్షణము తలకిందులాయెను.

"లోతని రాశాడా మహానుభావుడు! నేను ఎత్తనుకుని చచ్చాను!" అని సింహనాదము చేసి, చూపుడువేలెత్తి, ఒక్క మైనస్ గుర్తును ప్రయోగించెను.

నీరు దిగెను. ఆ మహాయంత్రము ఊరికి సరిపడు కరెంటును మింగి, నీరు పల్లమెరుగునని లోకమునకు చాటెను.

"ఓస్, ఇంతేనా! నీళ్లు పల్లానికి పోతాయని మా అమ్మమ్మ కూడా చెప్పేది," అనిరి మాస్టారు.

"చెప్పే ఉంటారు. ఏ వీధిలోంచి, ఎవరి గుమ్మంలోకి, ఎంతసేపట్లో వస్తాయో చెప్పారా మాస్టారూ?"

తెరపై నీరు వీధి వెంట వీధిని కమ్ముచుండెను. అక్క ఇంటిని చేరులోపల బిడ్డను చంకనెత్తుకొని గుట్ట ఎక్కుటకు వ్యవధి ఉన్నది. ఆమె కళ్లు చెమర్చెను.

మాస్టారు నవ్వు మాని తెరకు దగ్గరగా వంగిరి.

"పిండిమర వెనక సందులో మా ఇల్లు. కొంచెం అటు జరిపి చూపించమ్మా."

జయ జయ! ఒక్క అడ్డగీతతో వరదను నేలకు దింపిన నారీమణికి దిగ్విజయము! తెరపై మాస్టారి ఇల్లు అందరికంటె ముందు మునిగెను.