‘కరకట్ట’కు మంత్రిగారి సందేశం

“ఈ ఏడాది మన విద్యార్థుల సాహిత్య పత్రిక ‘కరకట్ట’ చరిత్ర సృష్టించబోతోంది!” అని యూనివర్సిటీ రిజిస్ట్రార్ అచ్యుతరామారావుగారు ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు. విజయవాడలో దాన్ని అచ్చువేసే ప్రెస్సులో నేను డీటీపీ చేస్తాను. ఆ చరిత్రని నా చేత్తోనే కంపోజ్ చేసే భాగ్యం కలిగింది.

పత్రిక నలభై పేజీలు. అందులో ప్రముఖుల సందేశాలు ముప్ఫై తొమ్మిది. మంత్రిగారి బావమరిదిని కూడా చిన్నబుచ్చలేదు. మిగిలిన ఒక్క పేజీలో ఎడిటర్ రాగిణి తన కథ పెట్టుకుంది. ఎంఏ ఆఖరి ఏడాది పిల్ల. గుణదలలో కర్రీ పాయింట్ నడిపి తనని చదివించిన వాళ్లమ్మ ఛాయాదేవి కథ అది.

“అచ్చులో చూపిస్తానని అమ్మకి మాటిచ్చానండీ” అంది నాతో.

అంతలో రిజిస్ట్రార్‌గారి ఫోను. “కొంప మునిగిందమ్మా! అసలు మంత్రిగారి సందేశమే మర్చిపోయాం. ఆ కథేదో తీసెయ్.”

“పత్రిక మొత్తానికి ఉన్నది అదొక్కటే కథండీ!”

“అందుకే కదమ్మా, తియ్యడం తేలిక.”

మంత్రిగారి పీఏ తిరుపతిరావుగారు మరీ ఉదారులు. “సందేశం మీరే రాసేసుకోండమ్మా. ఫొటో, సంతకం వాట్సాప్‌లో పంపిస్తా. సార్‌కి చదివే తీరిక ఎక్కడిది?”

రాగిణి కళ్లు తుడుచుకుంది. “కథ తియ్యకండి. పైన మంత్రిగారి ఫొటో, కింద సంతకం పెట్టెయ్యండి.”

“అమ్మో! ఎవరైనా చూస్తే?”

“సందేశాలు ఎవరు చదువుతారండీ?”

నిజమే. రిజిస్ట్రార్‌గారు ప్రూఫులో ఫొటోల వరుస మాత్రం మూడుసార్లు సరిచూసి ఓకే చేశారు.

ఆవిష్కరణ సభలో మంత్రిగారి ప్రసంగం కాగితం కారులో ఉండిపోయింది. ఏముంది, పత్రిక తెరిచి తన సందేశమే చదవడం మొదలుపెట్టారు.

“అమ్మ తెల్లారుజామునే లేచి గంపెడు వంకాయలు తరిగేది. ఆ మరకల చేతులతోనే నా పుస్తకాలకి అట్టలు వేసేది...”

రెండో పేరాకే ఆయన జేబురుమాలు తీశారు. హాలంతా కళ్లొత్తుకుంది. వాళ్ల నాన్నగారికి మూడు రైసు మిల్లులున్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఆయనతో సహా. వెనక వరుసలో ఛాయాదేవిగారు మాత్రం “ఇవి మన సంగతులేనే!” అంటూ లేచి నిలబడింది.

రాగిణి స్టేజీ దగ్గరికి పరుగెత్తింది. “సార్, ఆ వంకాయలు తరిగే ఆవిడ మా అమ్మండీ!”

“తప్పమ్మా!” అని కసిరారు రిజిస్ట్రార్‌గారు. “మంత్రిగారి తల్లిగారిని పట్టుకుని మీ అమ్మంటావా?”

వచ్చే నెల యూనివర్సిటీ గేటు దగ్గర మంత్రిగారి తల్లిగారి విగ్రహం పెడుతున్నారు. ముందు కత్తిపీట, పక్కన గంపెడు వంకాయలు. ఆ రోజు భోజనాలకి కూరల ఆర్డరు ఛాయాదేవిగారికే ఇచ్చారు. కూరలు తెచ్చేవాళ్లు ఫొటోల్లో పడకూడదని షరతు.